తూకానికి పోతున్న తాళాలు



పాత సామాన్లు కొనే బండి వీధిలోకి వస్తే మన ఇళ్ళల్లో ఏం జరుగుతుందో మీకు తెలియనిది కాదు. అటక మీద నుంచి చొట్ట పడిన బిందె, అంచు విరిగిన కంచం, మూత పోయిన మరచెంబు కిందికి దిగుతాయి. బండివాడు వాటిని ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని, గోటితో మీటి, ఇది ఇత్తడి, ఇది కంచు అని వేరు చేస్తాడు. రెండు ధరలు చెబుతాడు. తక్కెడ లేస్తుంది, డబ్బు చేతికొస్తుంది, అంతటితో ఆ వస్తువు కథ ముగిసిపోతుంది. తరవాత అది ఏ మూసలో కరిగిపోతుందో ఎవరూ అడగరు.

బండివాడు మీటి చూశాడే, ఆ ఒక్క క్షణం గురించే ఈవేళ నేను మీతో మాట్లాడదలచుకున్నాను. లోహాన్ని కంటితో కాక చెవితో గుర్తుపట్టడం అది. అలాగే మీటి, విని, కిలోల లెక్కన పోవలసిన పాత కంచును వేల రూపాయలకు, ఒక్కొక్కప్పుడు లక్ష దాటిన ధరకు కూడా కొనుక్కునేవాళ్ళు ప్రపంచంలో ఉన్నారు. వాళ్ళు వెదికేది డ్రమ్ముల పక్కన ఇనుప కడ్డీ మీద నిలబెట్టి పుల్లతో వాయించే పెద్ద తాళం పళ్ళెం. ఇంగ్లీషులో దాన్ని రైడ్ సింబల్ అంటారు. సింబల్ అంటే గుర్తు అని కూడా అర్థం ఉంది. అక్షరాలు వేరైనా పలికేటప్పుడు రెండూ ఒకలాగే వినిపిస్తాయి కనుక, నేను తాళం పళ్ళెం అనే అంటాను. తాళం అన్నా తికమకే అంటారేమో. మన సరిహద్దు జిల్లాల్లో తలుపుకు వేసేదాన్ని బీగం అంటాం కనుక మనకా ఇబ్బంది లేదు.

ముందు ఈ వస్తువు ఎలా ఉంటుందో చెబుతాను. అన్నం తినే కంచాన్ని బోర్లించి, రెండింతలు వెడల్పు చేశారనుకోండి. అడ్డం 20 అంగుళాలు, 22 అంగుళాలు ఉంటుంది. తూకం సుమారు రెండు కిలోలు. నడుమ చిన్న గుబ్బ, గుబ్బకు ఒక రంధ్రం, అక్కడి నుంచి అంచు దాకా సన్నటి వంపు. గుబ్బ మీద కొడితే గంటలాగా పలుకుతుంది. వంపు మీద పుల్ల మొనతో కొడితే 'టింగ్' అని స్పష్టంగా ఒక దెబ్బ, దాని వెనకే పొగలాగా పరుచుకునే ఒక హోరు వినిపిస్తాయి. మంచి పళ్ళెంలో ఈ రెండూ ఒకదాన్ని ఒకటి మింగెయ్యవు. దెబ్బ దెబ్బగానే ఉంటుంది, హోరు హోరుగానే ఉంటుంది. పాత పళ్ళాల కోసం జనం ఎగబడేది ఈ పొందిక కోసమే.

ఈ పళ్ళెం పుట్టిల్లు టర్కీ. ఆనాటి కాన్‌స్టాంటినోపుల్, ఈనాటి ఇస్తాంబుల్. 1618లో అవెదిస్ అనే ఆర్మేనియన్ రసవాది రాగినీ తగరాన్నీ కలిపి, బంగారం కోసం చేసిన ప్రయత్నంలో, బంగారం కాని మరొకటి సాధించాడని ఆ కుటుంబం చెప్పుకునే కథ. ఆ లోహంతో చేసిన తాళాలు సుల్తాన్ ఉస్మాన్‌కు నచ్చాయి. 80 బంగారు నాణేలూ, ఒక ఇంటిపేరూ ఇచ్చాడు. టర్కీ భాషలో జిల్ అంటే తాళం, జిల్‌జి అంటే తాళాలు చేసేవాడు. దానికి ఆర్మేనియన్ల ఇంటిపేర్ల చివర వచ్చే 'యన్' చేరి జిల్‌జియన్ అయింది. మన కంచరి, కమ్మరి, కుమ్మరి వంటి ఇంటిపేరే అన్నమాట. 1623లో అవెదిస్ రాజభవనం వదిలి సొంత కార్ఖానా పెట్టుకున్నాడు. నాలుగు వందల ఏళ్ళుగా అదే ఇంటిపేరుతో అదే వృత్తి సాగుతూ ఉంది.

ఆ తాళాలు మొదట సుల్తాను సైన్యాల ముందు నడిచే మేళాల కోసం చేసినవి. ఆ మేళం మోత యూరపు చెవిన పడి, అక్కడి సంగీతకారులకు ఒక మోజు పుట్టించింది. 1782లో మొజార్ట్ తన సంగీత నాటకంలో తాళాలు వాడాడు. 1794లో హేడన్ తన మిలిటరీ సింఫనీలో వాడాడు. 1824 నాటి బీథోవెన్ తొమ్మిదో సింఫనీ చివరిభాగంలోనూ ఉన్నాయి. ఆ విధంగా యుద్ధభూమి నుంచి సంగీతసభకు వచ్చాయి. కాని సభలో వాటి పని తక్కువ. గంటసేపు సాగే రచనలో రెండు మూడు చోట్ల ఘల్లుమనిపించి కూర్చోవడమే.

ఇక్కడ కొంచెం వేగంగా నడుస్తాను. పంతొమ్మిదో శతాబ్దం చివర కెరోప్ అనే వంశస్థుడి పేర 'కె. జిల్‌జియన్' ముద్రతో వచ్చిన పళ్ళాలకు ఎంతో పేరు వచ్చింది. అవెదిస్ అనే తాతగారి పేరే పెట్టుకున్న మరో వారసుడు 1909లో అమెరికా వలసవెళ్ళి మిఠాయిల వ్యాపారం చేసుకుంటున్నాడు. 1927లో అతని పినతండ్రి ఆరామ్ నుంచి ఉత్తరం వచ్చింది, కులవృత్తి బరువు ఇక నువ్వు ఎత్తుకోవాలని. 1929లో బోస్టన్ నగరం దగ్గర క్విన్సీలో అమెరికా కార్ఖానా మొదలైంది. ఆ ఏడు ప్రపంచమంతా ఎంతటి ఆర్థిక సంక్షోభంలో పడిందో మీకు తెలుసు. మిఠాయిలు మానుకుని తాళాలు పోతపొయ్యడానికి అంతకంటె చెడ్డ ముహూర్తం మరొకటి ఉండదు. అయినా ఆ కార్ఖానా నిలబడింది. కారణం జాజ్ సంగీతం.

అప్పటిదాకా డ్రమ్ములు వాయించేవాడు లయను కాలికింద పెద్ద డోలు మీద 'ధమ్ ధమ్' అని నడిపించేవాడు. ఆ తరవాత కాలితో తెరిచి మూసే జత తాళం మీదికి లయ మారింది. 1940 ప్రాంతంలో న్యూయార్కు హార్లెం పేటలోని మింటన్స్ ప్లేహౌస్ అనే చోట కెన్నీ క్లార్క్ అనే నల్లజాతి డ్రమ్మరు ఇంకొక అడుగు వేశాడు. లయ మొత్తాన్నీ ఎడతెగకుండా ఈ పెద్ద పళ్ళెం మీద నడిపించాడు. 'టింగ్, టింగ్‌క టింగ్, టింగ్‌క టింగ్' అని. పెద్ద డోలును కేవలం అప్పుడప్పుడు ఉలికిపాటు కోసం వాడుకున్నాడు. డ్రమ్ముల బరువు దిగిపోయి పాట గాలిలో తేలింది. ఆ పళ్ళెం మీద లయ స్వారీ చేస్తుంది కనుక దానికి రైడ్ అని పేరు. అదే కాలంలో జీన్ క్రూపా వంటి వాయిద్యగాళ్ళు క్విన్సీ కార్ఖానాకు వెళ్ళి, ఇంకొంచెం పలచగా చెయ్యండి, ఇంకొంచెం వెడల్పుగా చెయ్యండి అని అడిగి చేయించుకునేవారు. వాయించేవాడు, చేసేవాడు ఎదురెదురుగా కూర్చుని రూపొందించిన వాద్యం ఇది.

ఇప్పుడు మన వైపుకు వద్దాం. లయను డోలు మీద కాక తాళం మీద నిలపడం జాజ్‌లో కొత్త కావచ్చు. మనకు కాదు. కూచిపూడి ప్రదర్శనకు వెళ్ళి నాట్యగత్తెను కాకుండా వేదిక పక్కన కూర్చున్న నట్టువాంగం వారిని చూడండి. మృదంగం ఎన్ని చమత్కారాలు చేసినా అసలు లెక్క ఆ చేతుల్లోని చిన్న తాళాల దగ్గర ఉంటుంది. అందరూ చెవి ఒగ్గేది అటే. ఆ తాళాల్లో ఒకటి కంచుది, రెండోది ఇనుముది. రెండు లోహాలు తగిలినప్పుడు 'చిన్' అని తెగినట్టుగా దెబ్బ వినిపిస్తుంది. మన శాస్త్రం కూడా తీగ, తోలు, గాలి వాద్యాల తరవాత ఘనవాద్యం అని లోహవాద్యానికి వేరే పంక్తి వేసింది. అలాగని కెన్నీ క్లార్క్ చేసింది మనవాళ్ళు ఎప్పుడో చేశారని చెప్పి ఛాతీ విరుచుకోవడం నా ఉద్దేశం కాదు. ఆయన నట్టువాంగం విని ఉండడు. ఒకే లోహం రెండు చోట్ల రెండు జాతులకు ఒకే సంగతి నేర్పింది, అంతే.

బెంగుళూరు నగరంలో ఈ రెండు దారులూ పక్కపక్కనే నడిచాయి. పేట ఒక వైపు, దండు ఒక వైపు. 1809లో కంటోన్మెంటు ఏర్పడింది. పల్టన్లతో పాటు బ్యాండ్లు వచ్చాయి, బ్యాండ్లతో పాటు కంచు పళ్ళాలు వచ్చాయి. 1834 నుంచి మద్రాసు శాపర్లకు బెంగుళూరే స్థావరం. అలసూరు చెరువు ఒడ్డున ఉన్న ఆ కేంద్రంలో చేరిన తెలుగు కుర్రవాళ్ళు ఎందరో. ఈ ప్రసంగం వింటున్నవారిలో కూడా తాతగారో మేనమామో శాపర్లలో పనిచేసినవారు ఉంటారు. కబ్బన్ పార్కులో ఎనిమిది మూలల ఇనుప మంటపం ఒకటి ఉంది చూశారా? దాన్ని బ్యాండ్ స్టాండ్ అంటారు. ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో కట్టినది. రెండో ప్రపంచయుద్ధం దాకా అక్కడ సాయంకాలాల్లో బ్రిటిష్ బ్యాండ్లు వాయించేవి. దండు క్లబ్బుల్లో డాన్సు బ్యాండ్లు ఉండేవి. జాజ్ కూడా ఆ దారినే వచ్చింది. 1935లో లియోన్ ఆబీ అనే అమెరికన్ తన నల్లజాతి బృందంతో బొంబాయి తాజ్‌మహల్ హోటల్లో వాయించిన నాటి నుంచి ఆ గాలి మన పెద్ద ఊళ్ళకు సోకింది.

రెండో వైపు పేట. మెజెస్టిక్ బస్ స్టాండులో దిగి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో బాలేపేట. వీణలు, మృదంగాలు, తబలాలు, హార్మోనియాలు, భజన తాళాలు అమ్మే దుకాణాలు వరసగా ఉంటాయి. అనంతపురం, హిందూపురం, మదనపల్లె, కోలారు వైపు నుంచి భజన మందిరానికి తాళాలు కొనడానికి వెళ్ళేవారు ఆ వీధిని ఎరుగుదురు. అక్కడ తాళాలు కొనేవాళ్ళు రెండు రకాలు. ఒకరు ధర అడుగుతారు. ఇంకొకరు ధర అడగకుండా జత తరవాత జత మోగించి, మోత ఆగేదాకా కళ్ళు మూసుకుని వింటారు. రెండో రకం మనుషులను దుకాణదారు ఎప్పుడూ తొందరపెట్టకపోవడం నేను గమనించాను.

బెంగుళూరులో ఈ రెండు దారులు ఒకచోట కలిశాయి. 1964లో మృదంగ విద్వాంసులు టి.ఎ.ఎస్. మణి ఇక్కడ కర్ణాటక కాలేజ్ ఆఫ్ పెర్కషన్ స్థాపించారు. ఛార్లీ మారియానో అనే అమెరికన్ శాక్సొఫోన్ కళాకారుడు వీరితో, గాయని ఆర్.ఎ. రమామణితో కలిసి వాయించాడు. 1983లో 'జ్యోతి' అనే రికార్డు జర్మనీకి చెందిన ఇ.సి.ఎం. సంస్థ ద్వారా వెలువడింది. అందులో మృదంగం, ఘటం, కంజిర, మోర్‌సింగ్, కొన్నక్కోలు ఉన్నాయి. డ్రమ్ముల సెట్టు లేదు. జాజ్ మనిషి ఒకడు రైడ్ పళ్ళెం లేకుండా వాయించడానికి ఒప్పుకున్నాడంటే, మన లయ వాద్యాల మీద అతనికి ఎంతటి భరోసా ఉండాలో ఊహించండి. ఆ రికార్డు దొరికితే వినండి. లేని వాద్యం ఎక్కడ వినిపించాలో అక్కడ కొన్నక్కోలు జతులు వినిపిస్తాయి.

ఆ రోజుల్లో బెంగుళూరు డ్రమ్మర్లకు విదేశీ పళ్ళెం దొరకడం మామూలు సంగతి కాదు. 1991లో ఆర్థిక విధానం మారేవరకు దిగుమతికి లైసెన్సులూ, భారీ సుంకాలూ ఉండేవి. విదేశం నుంచి వచ్చే చుట్టం పెట్టెలోనో, ఊరు విడిచిపోతున్న వాయిద్యగాడి నుంచో సంపాదించుకోవలసిందే. పగిలిన పళ్ళేన్ని కూడా పారేయలేదు. పగులు చివర చిన్న రంధ్రం వేస్తే అది ఇంకా పాకకుండా ఆగుతుంది. అంచు దగ్గర పగులైతే ఆ మేరకు కోసి, చిన్న పళ్ళెంగా వాడుకోవచ్చు. బ్యాండు మేళాలవారు ఎక్కువగా వాడేవి మన దేశంలోనే చేసిన ఇత్తడి రేకు పళ్ళాలు. ఉత్తరప్రదేశ్‌లోని మేరఠ్ బ్యాండు వాద్యాలకు పెట్టింది పేరు. అక్కడి నాదిర్ అలీ కంపెనీ 1885 నాటిది. పెళ్ళి ఊరేగింపుకు ఇత్తడి చాలు. వీధి రణగొణలో హోరుకన్నా దెబ్బే ముఖ్యం గదా.

ఇత్తడికీ కంచుకూ ఈ తేడా ఎందుకు? ఇత్తడి అంటే రాగిలో జింకు కలిపినది. కంచు అంటే రాగిలో తగరం కలిపినది. పులుసు వండే ఇత్తడి గిన్నెకు కళాయి పూయించాలి, కంచు గిన్నెకు అక్కర్లేదని మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడిగితే చెబుతారు. ఇక మోత సంగతి. కంచు మోగుతుంది, బంగారం మోగదు అనే పోలికతో వేమన చెప్పిన పద్యం మనమంతా బళ్ళో నేర్చినదే. వేమనకు నమస్కరించి ఒక్క మాట అంటాను. బంగారం మోగకపోవడం దాని పెద్దరికం కాదు, మెత్తదనం. దెబ్బను తనలోనే ఇముడ్చుకుంటుంది. తగరం పాలు పెరిగిన కంచు గట్టిపడి, తీసుకున్న దెబ్బను చాలాసేపు తిరిగి ఇస్తూ ఉంటుంది.

జిల్‌జియన్ పళ్ళాల్లో రాగి సుమారు 80 పాళ్ళు, తగరం 20 పాళ్ళు. అంత తగరం కలిపితే మరో చిక్కు వస్తుంది. ఆ లోహం మామూలుగా చల్లారితే గాజులాగా పెళుసవుతుంది. సుత్తి వేస్తే పగులుతుంది. దానికి మందు ఏమిటంటే, ఎర్రగా కాల్చి, వేడి మీదే సాగగొట్టి, ఒక్కసారి చన్నీళ్ళలో ముంచాలి. ఇనుమును కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడి పెళుసవుతుందని మన కమ్మరికి తెలుసు. కంచుకు సరిగ్గా ఎదురు. నీళ్ళలో ముంచితేనే దెబ్బకు ఓర్చుకుంటుంది. ఇది మొదట కనిపెట్టినవాడు ఎవడో గాని, కమ్మరి చెప్పిన బుద్ధికి విరుద్ధంగా నడిచిన ధైర్యవంతుడు.

ఈ విద్య దక్షిణదేశంలో ఎంత పాతదో తేల్చినవారిలో ముఖ్యులు ఒకరు బెంగుళూరులోనే ఉన్నారు. 1988లో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్‌లో ఆచార్యులుగా పనిచేసిన డాక్టర్ శారదా శ్రీనివాసన్. లోహశాస్త్రాన్ని పురావస్తుశాస్త్రంతో కలిపి పరిశోధించారు. 2019లో పద్మశ్రీ అందుకున్నారు. ఆమె భరతనాట్య కళాకారిణి కూడా, అంటే నట్టువాంగం తాళానికి అడుగు వేసిన మనిషే దాని లోహాన్ని సూక్ష్మదర్శినిలో చూశారన్నమాట. 1990లలో ఆమె ఇయాన్ గ్లోవర్ అనే పండితుడితో కలిసి, కేరళలో కమ్మాళ కుటుంబాలు తగరం ఎక్కువగా ఉన్న కంచును కాల్చి, సాగగొట్టి, నీళ్ళలో ముంచి గిన్నెలు చేసే పద్ధతిని నమోదు చేశారు. తమిళనాడులోని ఆదిచ్చనల్లూరు, నీలగిరి సమాధుల్లో దొరికిన పలుచని కంచు గిన్నెలు కూడా ఇటువంటి లోహానివేనని ఆమె పరిశోధనలు చూపాయి. వాటి వయసు రెండు వేల ఏళ్ళకు పైమాటే. 1618లో కాన్‌స్టాంటినోపుల్‌లో దొరికిందని చెప్పే లోహం లాంటిదే మన నేలలో క్రీస్తుకు ముందే ఉంది.

జిల్‌జియన్ కుటుంబం లోహం కలిపే గదిలోకి ఇంటివాళ్ళను తప్ప ఇతరులను రానివ్వదని ప్రసిద్ధి. పాళ్ళు ఈనాడు ఏ ప్రయోగశాలలోనైనా తెలిసిపోతాయి. దాచుకోవలసినది పాళ్ళలో లేదని నా అభిప్రాయం. ఎంత ఎరుపు తిరిగినప్పుడు తియ్యాలి, ఎక్కడ ఎంత బరువుతో సుత్తి వెయ్యాలి అన్నది చేతిలో ఉంటుంది. దీనికి ఇస్తాంబుల్ చరిత్రే సాక్ష్యం. 1970ల చివరికి అక్కడి పాత కె. కార్ఖానా మూతపడింది. పేరు, ముద్ర అంతకుముందే అమెరికా శాఖ చేతికి పోయాయి. మిగిలింది పనివాళ్ళు. చిన్నతనం నుంచీ ఆ కొలిమి దగ్గరే పెరిగిన మెహ్మెత్, అగోప్ అనే ఇద్దరు 1980లో సొంతంగా పళ్ళాలు చెయ్యడం మొదలుపెట్టారు. ఒకరు ముస్లిం, ఒకరు ఆర్మేనియన్ క్రైస్తవుడు. వాళ్ళకు పాత పేరు వాడుకునే హక్కు లేదు. ఊరి పేరే పెట్టుకున్నారు, ఇస్తాంబుల్ అని. 1996లో అగోప్ కాలం చేశాక ఆ సంస్థ రెండుగా చీలి రెండూ నడుస్తున్నాయి. ఆ ఇద్దరు కుర్రవాళ్ళు మరో పనిలోకి పోయి ఉంటే, ముద్ర అమెరికాలో ఉండేది, విద్య మట్టిలో కలిసేది. అమెరికాలోనూ అన్నదమ్ములు విడిపోయి, రాబర్ట్ అనే తమ్ముడు 1981లో కెనడాలో సేబియన్ అనే మరో సంస్థ పెట్టాడు. తన ముగ్గురు పిల్లల పేర్ల మొదటి అక్షరాలతో కూర్చిన పేరది. భాగపంపకాలు ఏ దేశంలోనైనా ఒకటే.

పాత ఇస్తాంబుల్ పళ్ళాల కోసం అంత గిరాకీ ఎందుకో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. చేతి సుత్తితో చేసినవి కనుక ఏ రెండూ ఒకలాగ పలకవు. టోనీ విలియమ్స్ మైల్స్ డేవిస్ బృందంలో 1960లలో వాయించిన పళ్ళెం లాంటిది కావాలని జీవితమంతా వెదికినవారు ఉన్నారు. దొరకదు. అది ఒక్కటే.

సేకరించేవాళ్ళు చూసే ఆనవాళ్ళు కొన్ని చెబుతాను. మొదటిది ముద్ర. గుబ్బకూ అంచుకూ మధ్య లోహంలోకి దిగేలా కొట్టిన ముద్ర ఉంటుంది. పాతవాటిలో నెలవంక, నక్షత్రం, అరబ్బీ లిపిలో పేరు, కాన్‌స్టాంటినోపుల్ అనే ఊరి పేరు కనిపిస్తాయి. టర్కీలో 1928లో లిపి మారింది, 1930లో ఇస్తాంబుల్ అనే పేరు స్థిరపడింది. కాని ఊరి పేరొక్కటే చూసి మోసపోకూడదు. ఆ పాత పేరునే కొత్త రకం పళ్ళాలకూ తరవాత పెట్టారు. రెండోది తూకం. ఒకే వెడల్పు ఉన్నా పాతవి సాధారణంగా పలచన. మూడోది వెనక వైపు సుత్తి గుంటలు. యంత్రం వేసినవి బారులు తీరి ఉంటాయి, చేతివి ఆకాశంలో చుక్కల్లా ఉంటాయి. నాలుగోది నడుమ రంధ్రం. ఏళ్ళ తరబడి కడ్డీకి ఒరుసుకుంటే రంధ్రం తాళంచెవి రంధ్రంలా సాగిపోతుంది. బాగా వాయించినదానికి అది గుర్తు, ధర తగ్గించడానికి సాకు కూడా.

అన్నిటికన్నా మించినది చెవి. పళ్ళేన్ని రంధ్రంలో తాడు దూర్చి వేలాడదీసి, వేలి కొసతో అంచును తాకి చూస్తారు. గట్టిగా కొట్టరు. మోత మెల్లగా విడుచుకుంటూ పోవాలి. నడుమలో గరగర వినిపించినా, ఠక్కున ఆగినా ఎక్కడో కంటికి కనపడని పగులు ఉన్నట్టు.

ఇంకొక ముఖ్యమైన మాట. మన ఆడవాళ్ళు వినాలి, మగవాళ్ళు మరీ వినాలి. పాత కంచు దొరకగానే చింతపండు, ఇసుక తెచ్చి తళతళలాడేలా తోమేస్తాం. పళ్ళాల సేకరణలో అది మహాపాపం. ఏళ్ళ తరబడి పట్టిన ఆ గోధుమరంగు పొర వల్ల మోతలోని కరుకుదనం కాస్త తగ్గుతుందని చాలామంది వాయిద్యగాళ్ళ నమ్మకం. అందులో నిజమెంతైనా, తోమితే ముద్ర అరిగిపోవడం మాత్రం ఖాయం. ముద్ర పోతే ఊరూ పేరూ లేని కంచు ముక్క అయిపోతుంది. మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిచి వదిలెయ్యాలి.

బెంగుళూరులో చిక్‌పేట చుట్టుపక్కల ఆదివారాలు పాత వస్తువుల సంత జరుగుతూ వచ్చింది. గడియారాలు, రేడియోలు, పిడి విరిగిన గొడుగులు, అన్నీ గోనెపట్టా మీద ఉంటాయి. అటువంటి చోట నేను విదేశీ రైడ్ పళ్ళెం దొరుకుతుందేమోనని వెదికిన రోజులున్నాయి. అది నాకు ఎదురుపడలేదు. ఎదురుపడినవన్నీ మన ఊళ్ళ వస్తువులే. నూనె మసి పట్టిన భజన తాళాలు, జేగంటలు, గుడి చిరుగంటలు. పట్టు తాడు పోయి, జతలో ఒకటి పోయి, విడిగా ఒక్కొక్క తాళం కుప్పలో పడి ఉంది. జత విడిపోతే తాళానికి బతుకు లేదు. రెండింటి శ్రుతిలో వెంట్రుకవాసి తేడా ఉంటుంది, ఆ తేడా వల్లే మోత అలలు అలలుగా తేలుతుంది. ఒక్కదాన్ని చేత పట్టుకుని రెండో దాని కోసం ఆ కుప్పలో ఎంత వెదికినా లాభం ఉండదు. అది ఏ ఊళ్ళో, ఏ తక్కెడలో పడిందో.

అమెరికాలో ఒక పళ్ళెం ఎప్పుడు చేశారు, ఎవరు వాయించారు, ఎవరి దగ్గర నుంచి ఎవరికి చేరింది అని పుస్తకాలు రాసుకుంటున్నారు. మన రామభజన మందిరంలో మూడు తరాలు వాయించిన తాళాలకు ఆ మాత్రం చరిత్ర లేదా? ఉంది. రాసినవాడే లేడు. మన దేశంలో వాద్యాలకు మంచి ప్రదర్శనశాలలు రావడం ఈ మధ్యనే. బెంగుళూరు జె.పి. నగర్‌లో 2019లో ఇండియన్ మ్యూజిక్ ఎక్స్‌పీరియెన్స్ అనే సంగీత ప్రదర్శనశాల తెరిచారు. వాద్యాలకు ప్రత్యేకమైన శాల ఉంది. బయట పిల్లలు స్వయంగా కొట్టి, మీటి నాదం ఎలా పుడుతుందో తెలుసుకునే తోట కూడా ఉంది. పనిమీద బెంగుళూరు వెళ్ళినప్పుడు పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి. కాని ప్రతి ఊరి తాళాలూ అక్కడికి చేరలేవు, చేరనక్కరలేదు కూడా. వాయించే చోట ఉండడమే వాటికి అందం.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన శిల్పాలు, కళాత్మకమైన చేతిపనులు పురావస్తువుల కిందికి వస్తాయి. వాటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడం నేరం. పాత గుడి గంటకు ఎవరో పెద్ద మొత్తం ఇస్తామంటే ఆ మాట గుర్తుంచుకోండి. అది గుడిదైతే అమ్మే హక్కు అసలు పూజారికీ లేదు, ధర్మకర్తకూ లేదు.

ఇక మీ ఇంట్లో, మీ భజన మందిరంలో ఉన్న తాళాల సంగతి. టర్కీ పళ్ళేనికి ముద్ర ఉన్నట్టే మన కంచు సామానుకూ ముద్ర ఉంటుంది. పెళ్ళిలో పెట్టిన చెంబు మీద, కంచం అంచు మీద ఉలితో చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించడం మన ఆచారం. గుడికి ఇచ్చిన తాళాల మీదా, గంటల మీదా అలాగే ఇచ్చినవారి పేరు, ఊరి పేరు, కొన్నిటి మీద సంవత్సరం ఉంటాయి. మసి పట్టి కనపడవు. చింతపండు వద్దన్నాను కదా, పలచటి తెల్ల కాగితం దాని మీద పరచి, పెన్సిలు సీసాన్ని అడ్డంగా పెట్టి మెల్లగా రుద్దండి. చుక్కలు కాగితం మీదికి లేస్తాయి. ఏ కాలపు సంవత్సరం పేరో, ప్రభవ నుంచి అక్షయ దాకా ఏదో ఒకటి, కనిపించవచ్చు. మన సరిహద్దులో అక్షరాలు తెలుగువా కన్నడవా అని ఒక్కొక్కసారి పోల్చుకోవలసి వస్తుంది. కంచు అనే మాట మాత్రం రెండు భాషల్లోనూ ఒకటే. ఆ కాగితం మీద తాళం వెడల్పు, తూకం రాయండి. వాయించిన పెద్దాయన ఇంకా ఉంటే ఆయన్ను అడిగి, ఎప్పటి నుంచి వాయిస్తున్నారో, అంతకుముందు ఎవరి చేతిలో ఉండేదో రాయండి. జత విడిపోకుండా రెండింటినీ ఒకే తాడుతో కట్టి ఉంచండి.

బండివాడు మళ్ళీ వచ్చేలోగా ఆ కాగితం తయారుగా ఉంటే బాగుంటుంది.